పెద్ద అక్షరాల పాఠకుడు

న్యూయార్క్
11 ఫిబ్రవరి 1986

హిల్మా పెద్దమ్మకు,

ముందు కూర్చో. షాపులో ఎవరైనా ఉంటే వాళ్ల మందులు వాళ్ల చేతిలో పెట్టి పంపేసి, ఆ తర్వాత కూర్చుని చదువు. నన్ను ఎడిటర్ని చేశారు. సహాయ ఎడిటర్ కాదు, అందరికీ కాఫీలు మోసే ఎడిటర్ కూడా కాదు. అసలు ఎడిటర్. ఏ పుస్తకానికో చెప్తే నువ్వు నమ్మవు. 'తుఫాను కాపరి'కి!

నీ షాపులో దగ్గు మందుల అలమర పక్కన, ఆ తిరిగే ఇనుప స్టాండు కింద నేల మీద చతికిలబడి నేను చదివిన మొట్టమొదటి కామిక్ పుస్తకం అదే. అమ్మ పోయిన సంవత్సరం. "లేవే, కొనేవాళ్లకి అడ్డం" అంటూ నువ్వు చీపురు కర్రతో పొడిచేదానివి. పొడిచి, నేను లేవకపోతే, నా చుట్టూ ఊడ్చుకుపోయేదానివి. ఇప్పుడు ఆ చదువుకే నాకు జీతమిస్తున్నారు.

సంతోషం అయింది, ఇక సంగతి విను. ఇది బహుమానం కాదు, గడువు. కాపరిని చదివేవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. మా పెద్ద ఎడిటర్ ప్లంకెట్ గారు గదిలోకి పిలిచి, "చూడమ్మాయ్, పాతవాళ్లు పెళ్లిళ్లు చేసుకుని వెళ్లిపోతున్నారు. కొత్తవాళ్లు రావట్లేదు. నీకు ఏడాది టైమిస్తున్నా. కొత్త పాఠకుల్ని పట్టుకురా. లేదా కాపరిని ఆ సముద్రంలోనే ముంచేద్దాం" అన్నారు.

"ఆయనది సముద్రం కాదండీ, సరస్సు" అన్నాను. ఆయన నవ్వలేదు.

కొత్తవాళ్లని రప్పించడానికి ఈ ఆఫీసులో ప్రతి ఒక్కరి దగ్గరా ఒక చిట్కా ఉంది. ఒకాయన హీరోని చంపెయ్యమంటాడు. చస్తే పేపర్లో పడుతుందట, ఆరు నెలలకి బతికించుకోవచ్చట. ఇంకొకాయన పాత అంకెలు తీసేసి మళ్లీ ఒకటో సంచిక అని వెయ్యమంటాడు. ప్లంకెట్ గారికి మాత్రం ఒక కథని మూడు పుస్తకాల్లో ముక్కలు చేసి పంచడం ఇష్టం. ఒకటి చదివేవాడు మూడూ కొంటాడని ఆయన నమ్మకం. తమాషా ఏమిటంటే వీళ్లలో ఒక్కరు కూడా కొత్త పాఠకుణ్ణి కళ్లతో చూసినవాళ్లు కారు. నువ్వు రోజూ చూస్తావు. స్టాండు దగ్గర ఎవరు ఆగుతున్నారు? తీసి మళ్లీ పెట్టేసేదెవరు, ఎందుకు? చూసి నాకు రాయి.

నా గదిలో వేడి గొట్టం రోజంతా దగ్గుతుంది, వేడి మాత్రం ఇవ్వదు. నీ యాలకుల రొట్టె ఒకటి పంపితే ఈ ఊళ్లో ఇంకో నెల బతుకుతాను.

నీ
మార్లా


ఆష్టబ్యూలా
20 ఫిబ్రవరి 1986

మార్లా,

రొట్టె ఇందులోనే ఉంది. నలిగిపోతే పోస్టు వాళ్లని తిట్టు, నన్ను కాదు. ఫోన్ చేశావు, సరే. షాపులో ఫోన్ మాట్లాడటం నాకు పడదని తెలుసు కదా. నీ మాట ఒక చెవిలో, మిసెస్ కల్లియో మోకాలి నొప్పి ఇంకో చెవిలో.

చాలా సంతోషం. మీ అమ్మ ఉంటే హార్బర్ మొత్తం తిరిగి చెప్పేది. నేను ముగ్గురికే చెప్పాను, ఆ ముగ్గురూ మిగతా పని చూసుకున్నారు.

వారం రోజులు స్టాండు వైపే చూశాను. పుస్తకం తియ్యనివాళ్లంటూ లేరు. అందరూ తీస్తారు. బొమ్మ బాగుంటుంది. మొదటి పేజీ తిప్పుతారు. అక్కడ ఎవరో ఎవరినో కొడుతుంటాడు. ఎందుకో తెలీదు. "గత సంచికలో చూశారు కదా" అని ఉంటుంది. వాళ్లు చూడలేదు. అప్పుడు మెడ తిప్పి, తమనెవరైనా గమనిస్తున్నారేమోనని ఒకసారి చూసుకుని పుస్తకం నెమ్మదిగా వెనక్కి పెట్టేస్తారు. నేను దగ్గు మందు సర్దుతున్నట్టు నటిస్తాను.

నువ్వు చెప్పిన ఆ మూడు ముక్కల కథ పోయిన ఏడాది వచ్చింది. మొదటి ముక్క నా స్టాండులో ఉంది. రెండోదీ ఉంది. మూడో ముక్క వేసిన పుస్తకం మా ఊరికి రానే రాదు. ఆ కథ ఎలా ముగిసిందో ఆష్టబ్యూలాలో ఈ రోజుకీ ఎవరికీ తెలీదు. మీ ప్లంకెట్ గారికి చెప్పు. కొననివాళ్లు బద్ధకస్తులు కారు. తమకి తెలీదని తమకే గుర్తు చేసే చోట ఎవరు నిలబడతారు?

మన రేవు ముందు సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంది. ఆవిరి స్నానాల సౌనా పొయ్యికి కొత్త గొట్టం వేయించాను. మెడకి మఫ్లర్ కట్టుకో.

హిల్మా


న్యూయార్క్
18 మార్చి 1986

పెద్దమ్మా, పెద్దమ్మా, పెద్దమ్మా,

నీ ఉత్తరంలో ముక్కని ప్లంకెట్ గారికి చదివి వినిపించాను. "మీ పెద్దమ్మకి ఉద్యోగం కావాలా?" అన్నారు. అది మెచ్చుకోలో వెటకారమో ఇంకా తేలలేదు.

కానీ అసలు సంగతి అది కాదు. మన ఊరి నుంచి ఉత్తరం వచ్చింది! పోస్టు ముద్ర ఆష్టబ్యూలాది. పెన్సిలుతో, అన్నీ పెద్ద ఏబీసీడీ అక్షరాలే, ఒక్క చిన్న అక్షరం లేదు. కొన్ని మాటలు రెండుసార్లు దిద్ది లావుగా చేశాడు. ప్రతి వాక్యం చివరా ఆశ్చర్యార్థకమే. ఉన్నదున్నట్టు రాస్తున్నాను, విను.

"తుఫాను కాపరి తయారు చేసేవాళ్లకి! ఈ పుస్తకం మొత్తం నేనే చదివాను! పక్కన ఎవరూ లేరు! రెండు రోజులు పట్టింది! ఏడో పేజీలో ఓడని కట్టిన తాడుకి వేసిన ముడి తప్పు! ఆ ముడి వేస్తే ఓడ కొట్టుకుపోతుంది! ముందు సంచికలో ఏం జరిగిందో నాకు తెలీదు! తెలీనివాళ్లకి కూడా చెప్పండి! ఇట్లు ఇ.ఎస్.!"

'పక్కన ఎవరూ లేరు' అన్న ముక్కని మూడుసార్లు చదివాను. ఎనిమిదేళ్లుంటాయా? తొమ్మిదా? వాళ్ల నాన్న ఓడల మీద పనిచేస్తూ ఉండాలి, లేకపోతే ముళ్ల సంగతి ఆ పిల్లాడికెలా తెలుస్తుంది? ఆ ఉత్తరం నా బల్ల ముందు గోడకి అంటించాను. బొమ్మలేసే ఆయన్ని పిలిచి చూపిస్తే, ఆయన సిగ్గుపడి లైబ్రరీకి పోయి ముళ్ల పుస్తకం తెచ్చుకున్నాడు.

ఇకనుంచి ప్రతి సంచికలో మొదటి పేజీ పైన నాలుగు వరుసలు. కాపరి ఎవరు, ఎక్కడుంటాడు, కిందటిసారి ఏం జరిగింది. ప్రతి పుస్తకం ఎవరో ఒకరికి మొదటి పుస్తకమే అన్నట్టు చేస్తాను. "పాతవాళ్లు విసుక్కుంటారు" అన్నారు ఆఫీసులో. విసుక్కోనీ.

ఈ ఇ.ఎస్. ఎవరు? నీకు తెలియకుండా ఉంటుందా? ఆ ఉత్తరాన్ని పాఠకుల పేజీలో వేస్తున్నాను.

నీ
మార్లా


ఆష్టబ్యూలా
2 ఏప్రిల్ 1986

మార్లా,

నా షాపుకి చాలామంది వస్తారు. ఎవరు ఏం కొన్నారో, ఎవరికి ఏ మందో నేను బయట చెప్పను. ముప్ఫై ఏళ్లుగా చెప్పలేదు. ఇదీ అంతే.

ఆ ఉత్తరం వెయ్యదలిస్తే ఉన్నదున్నట్టు వెయ్యి. నీ సొంత మాట ఒక్కటి కూడా కలపకు. తలా తోకా తగిలించకు.

నాలుగు వరుసల ఆలోచన మంచిది. వరుసలు పొట్టిగా ఉండాలి.

ఐసు కరిగి రేవు తెరిచారు. మొదటి ఖనిజం ఓడ సోమవారం వచ్చింది. ఓడకి దారిచ్చేందుకు వంతెన లేచినంతసేపూ బ్రిడ్జి స్ట్రీట్‌లో కార్లన్నీ హారన్లు కొడుతూనే ఉన్నాయి.

హిల్మా


ఆష్టబ్యూలా
24 జూన్ 1986

మార్లా,

కొత్త సంచిక వచ్చింది. ఉత్తరాల పేజీ చూశాను.

"మా తొమ్మిదేళ్ల చిన్నారి మిత్రుడు, చిట్టి చేతులతో" అని ఎవరు రాయమన్నారు నిన్ను? తొమ్మిదేళ్లని నీకెవరు చెప్పారు? కలపొద్దని రాశానా లేదా?

ఆ ఉత్తరం రాసినవాళ్లు నా ముందే నిలబడి ఆ పేజీ చదివారు. వేలు పెట్టి, ఒక్కొక్క మాటా. చివరిదాకా చదివి, పుస్తకాన్ని స్టాండులో సరిగ్గా దాని గూట్లోనే పెట్టేసి వెళ్లిపోయారు. పది రోజులైంది, మళ్లీ రాలేదు.

నాకు ఇంకేమీ రాయబుద్ధి కావడం లేదు.

హిల్మా


న్యూయార్క్
3 జూలై 1986

పెద్దమ్మకు,

నీ ఉత్తరం చదివి నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. వయసు తప్పు పడిందనా ఇంత కోపం? పదా? పదకొండా? ఆ వయసు పిల్లలకి ఒక ఏడాది తక్కువ చెప్తే పరువు పోయినట్టుంటుంది, నిజమే. వచ్చే సంచికలో దిద్దుబాటు వేస్తాను. సరైన వయసు చెప్పు చాలు.

ఇక్కడ ఆ ఉత్తరం ఎంత పని చేసిందో నీకు తెలీదు. దాన్ని చూసి ఇంకో నలభై మంది రాశారు. ప్లంకెట్ గారు ఆగస్టులో జరిగే కామిక్స్ మేళాకి ఆ పిల్లాణ్ణి, వాళ్ల అమ్మానాన్నల్ని పిలిపించి, కాపరి వేషం వేసినవాడి పక్కన నిలబెట్టి ఫొటో తీయించమన్నారు. "మా కొత్త పాఠకుడు" అని పోస్టరు వేస్తారట. వెతికి పట్టుకొస్తానని ఒప్పుకున్నాను. మన స్కూలుకి ఫోన్ చేశాను. ఆ పొడి అక్షరాలతో ఆ వయసు పిల్లలెవరూ లేరన్నారు.

జూన్ మొదటివారంలో ఇంకో ఉత్తరం వచ్చింది. అవే పెద్ద అక్షరాలు. "మొదటి పేజీలో చెప్పినందుకు థాంక్స్! ఇప్పుడు అర్థమైంది!" అని. ఈసారి కాగితం గోధుమరంగుది. తిప్పి చూస్తే నీ షాపు మందుల సంచి, పైన నీ షాపు పేరు.

పెద్దమ్మా, ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. ఆ ఉత్తరాలు నువ్వే రాశావా? నా ఉద్యోగం పోతుందని భయపడి, పాపం పిల్ల అని, పెన్సిలు పట్టుకుని కూర్చున్నావా? ఇప్పుడు పిల్లాణ్ణి తెమ్మంటే ఎక్కణ్ణించి తేవాలో తెలీక, కోపం వచ్చిందని, రావడం మానేశాడని కథ అల్లుతున్నావా? నేను ఇంకా నీ స్టాండు కింద కూర్చున్న పిల్లని కాదు. ఆ ఉత్తరాన్ని నమ్మి పుస్తకం మొత్తం మార్చాను. అది జాలి ఉత్తరమని తేలితే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

మార్లా


ఆష్టబ్యూలా
10 జూలై 1986

మార్లా,

నా జన్మలో ఇంకొకరి పేరుతో ఒక్క అక్షరం రాయలేదు.

నేను ఒకరికి మాటిచ్చాను. నీకు చెప్పి ఆ మాట పోగొట్టుకోలేను. నువ్వు నమ్మకపోతే నమ్మకు.

హిల్మా


న్యూయార్క్
28 సెప్టెంబర్ 1986

పెద్దమ్మకు,

ఇది మూడో ఉత్తరం. రెండింటికి జవాబు లేదు. ఫోన్ చేస్తే, "షాపులో జనం ఉన్నారు" అని పెట్టేశావు. ఆదివారం పొద్దున షాపులో జనం ఎక్కణ్ణించి వచ్చారు?

మేళా అయిపోయింది. పిల్లాడు దొరకలేదని చెప్పాను. ప్లంకెట్ గారు ఇంకెవరి పిల్లాణ్ణో నిలబెట్టి ఫొటో తీయించారు. వాడికి మా పుస్తకం పేరు కూడా తెలీదు, మెడలో వేసిన కాగితం పతకం నములుతూ నిలబడ్డాడు. ఆ పోస్టరు చూసిన ప్రతిసారీ నువ్వు గుర్తొస్తున్నావు.

కాపరిని చంపే సంచిక ఒకటి రాయించమన్నారు. చెయ్యనన్నాను. "అయితే మార్చి సంచికే ఆఖరిది అనుకో" అన్నారు. నాలుగు వరుసలు మాత్రం తియ్యలేదు. నువ్వే రాశావో ఇంకెవరు రాశారో గానీ, ఆ మాట నిజమే కదా.

నీకు కోపం తగ్గినప్పుడు రాయి. తగ్గకపోయినా రాయి.

మార్లా


ఆష్టబ్యూలా!
2 డిసెంబర్ 1986!

మార్లాకి!

నేను మీ పెద్దమ్మని! కంగారు పడకు! కుడి మణికట్టు విరిగింది! బ్రిడ్జి స్ట్రీట్ మలుపులో ఐసు మీద జారాను! ఆరు వారాలు కట్టు! ఈ ఉత్తరం నేను చెప్తుంటే వేరేవాళ్లు రాస్తున్నారు! ఈ ఆశ్చర్యార్థకాలు నావి కావు! వద్దంటే వినడం లేదు!

(కామిక్ పుస్తకాల్లో ప్రతి మాటకీ ఇదే ఉంటుంది! నాకు నేర్పింది ఆవిడే! ఇప్పుడు వద్దంటే ఎలా!)

నేను బాగానే ఉన్నాను! పక్కింటి కల్లియో అమ్మాయి వండిపెడుతోంది! ఉప్పు ఎక్కువ! నీ మూడు ఉత్తరాలూ చదివాను! దాచుకున్నాను! నాకు పౌరుషం ఎక్కువ, మీ అమ్మకీ అంతే, నీకూ అంతే! కాపరిని చంపనన్నందుకు సంతోషం!

ఇప్పుడు ఆవిడ కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లింది! ఒంటి చేత్తో పెడుతుంది, సాయం చేస్తానంటే తిడుతుంది! టైముంది! ఇక్కణ్ణించి నేను!

నా పేరు ఎమ్మెట్ స్పర్లాక్! ఆ తొమ్మిదేళ్ల పిల్లాణ్ణి నేనే! నాకు యాభై ఏడు!

పుట్టింది కెంటకీ కొండల్లో! రెండో తరగతిలో బడి మానేశాను! ముప్ఫై ఒక్క ఏళ్లు ఈ రేవులో ఓడల తాళ్లు కట్టాను, విప్పాను! చదవడం రాదని నా భార్య లొరీనాకి తప్ప ఎవరికీ తెలీదు! హోటల్‌కి వెళ్తే తనే చదివి, "నీకు కావాల్సింది ఇదే కదా" అనేది! తను పోయి రెండేళ్లు! గుండెకి మందు రాసిచ్చారు! రోజుకెన్నో సీసా మీద రాసుందట! మీ పెద్దమ్మ షాపుకి వెళ్లి, "కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాను, ఇదేంటో చెప్తారా" అన్నాను! మూడుసార్లు అలాగే అన్నాను! మూడోసారి ఆవిడ నా మొహం చూసి, "మీకు కళ్లజోడే లేదు కదా" అంది! మెల్లగా అంది! పక్కన ఎవరూ వినలేదు!

తర్వాత స్టాండు తిప్పి కాపరిని తీసి ఇచ్చింది! పిల్లికూనల పుస్తకం ఇచ్చి ఉంటే వెళ్లిపోయేవాణ్ణి! ఇందులో ఓడలున్నాయి! అన్నీ పెద్ద అక్షరాలే, నేర్చుకోవాల్సింది ఇరవయ్యారే! బొమ్మ చూస్తే సగం తెలుస్తుంది, మిగతా సగం కోసం అక్షరం దగ్గరికి వెళ్తాను! షాపు వెనక గదిలో, ప్రతి గురువారం! ఎవరికీ చెప్పనని మాట తీసుకున్నాను! మందుల సంచి మీద రాసింది నేనే, చేతికి అదే దొరికింది!

ఆ పేజీలో 'చిట్టి చేతులు' అని చదివాను! నా చేతులు నువ్వు చూడలేదు! సిగ్గేసింది! ఐదు నెలలు ఇటు రాలేదు! ఆవిడ పడిందని విని మంచు తీద్దామని పార పట్టుకుని వచ్చాను! ఎందుకు రాలేదని ఆవిడ అడగలేదు! "గుమ్మం దగ్గర ఇంకొంచెం తియ్యండి" అంది, అంతే!

నీతో మాటలు పోయినా సరే ఆవిడ నా సంగతి చెప్పలేదు! ఈ సంగతి నాకు ఇవాళే తెలిసింది, జవాబు రాసే ముందు ఆవిడ నీ ఉత్తరాలు చదివి వినిపిస్తే! అలాంటి మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు! నువ్వు కూడా తెలుసుకోవాలని రాస్తున్నాను! నీ మీద కోపం లేదు! నువ్వు తొమ్మిదేళ్లన్నావు, నేను చదవడం మొదలుపెట్టి అప్పటికి తొమ్మిది నెలలు! పెద్ద తేడా లేదు!

కాఫీ వచ్చింది!

ఇ.ఎస్.!


న్యూయార్క్
9 డిసెంబర్ 1986

హిల్మా పెద్దమ్మకు, ఎమ్మెట్ గారికి,

కవరు మీది అక్షరాలు చూడగానే గుర్తుపట్టాను. నా గోడ మీద తొమ్మిది నెలలుగా ఉన్నాయి కదా. ఆఫీసు మెట్ల మీదే కూర్చుని చదివాను. పైకి వెళ్లేవాళ్లు నా చుట్టూ తిరిగి వెళ్లారు.

పెద్దమ్మా, "జాలి ఉత్తరం" అని రాసింది నేను. ఆ మాటను కొట్టేసే వీలుంటే ఆ కాగితం చిరిగేదాకా కొట్టేసేదాన్ని. నువ్వు అబద్ధం ఆడతావని ఎలా అనుకున్నాను? సీసా మీద ఏముందో చూసి ఇవ్వడం, ఎవరి సంగతి ఎవరికీ చెప్పకపోవడం నీ దగ్గర పెరిగి చూసినదాన్ని. చెయ్యి ఎలా ఉంది? నొప్పి ఎక్కువగా ఉంటే దాచకు. క్రిస్మస్‌కి వస్తున్నాను, వద్దన్నా వస్తాను. ఉప్పు తక్కువ వేసి వండుతాను.

ఎమ్మెట్ గారూ, మీకు క్షమాపణ ఎలా చెప్పాలో తెలియడం లేదు. కొత్త పాఠకుడు, కొత్త పాఠకుడు అంటూ ఈ ఆఫీసులో ఏడాదిగా అరుస్తున్నాం. మా అందరికీ ఆ మాట వినగానే ఒక పిల్లాడే కనిపించాడు. మీరు రాసిన ప్రతి మాటా మీరెవరో చెప్తూనే ఉంది. నేనే సరిగ్గా చదవలేదు.

నిన్న ప్లంకెట్ గారు మళ్లీ, "ఆ పిల్లాడి సంగతేమైంది?" అన్నారు.

"పిల్లాడు లేడండి. చదివే మనిషి ఉన్నారు."

"ఎవరు?"

"చెప్పను."

"మీ పెద్దమ్మ పోలికే అన్నమాట" అన్నారు ఆయన. మీ పేరు ఇక్కడ ఎవరికీ తెలీదు, తెలియనివ్వను.

ఒక్క సాయం అడగొచ్చా? మార్చి సంచిక ప్రూఫులు, అంటే అచ్చుకి ముందు దిద్దుకునే పేజీలు, ఇందులో పెడుతున్నాను. మీరు చదవండి. ఎక్కడ ఆగారో అక్కడ గుర్తు పెట్టండి. మీకు ఆగాల్సి వచ్చిందంటే అది మా తప్పు. ఎలాగూ ఆఖరి సంచిక అంటున్నారు, అదైనా సరిగ్గా చెయ్యాలనుంది.

మీ
మార్లా


ఆష్టబ్యూలా!
14 జనవరి 1987!

మార్లా అమ్మాయికి!

నువ్వు వండినప్పుడు ఉప్పు అసలు వెయ్యలేదు! మీ పెద్దమ్మ నీ ముందు అనలేదు, రైలెక్కాక అంది!

ప్రూఫులు మూడుసార్లు చదివాను! నాలుగో పేజీలో రెండు మాటల బుడగలున్నాయి! ఎడంపక్కది కిందికి ఉంది, కుడిపక్కది పైకి ఉంది! ఏది ముందో తెలీక రెండోది ముందు చదివాను, జవాబు ముందొచ్చి ప్రశ్న తర్వాతొచ్చింది! కాపరికి తమ్ముడున్నాడని తొమ్మిదో పేజీలో తెలిసింది! ముందే చెప్పాలి, లేకపోతే వాడు మునిగిపోతుంటే నాకేం బాధ! ఆ విలన్ మంచు దొర మాటలు చాలా పొడుగు! తుఫానులో అంతసేపు నోరు తెరిస్తే నీళ్లు పోయి చస్తాడు! ముళ్లన్నీ సరిగ్గా ఉన్నాయి! వేసినాయనకి చెప్పు!

పదకొండో పేజీలో తమ్ముణ్ణి ఒడ్డుకి లాగే చోట మాటలే లేవు! అక్కడ ఏం చదవాలో తెలీక చాలాసేపు చూశాను! అర్థమయ్యాక పుస్తకం కాసేపు పక్కన పెట్టాను! దాన్ని మాత్రం ముట్టుకోవద్దు!

ఎమ్మెట్ స్పర్లాక్! (ఈసారి పూర్తి పేరు!)

కింద ఎడం చేత్తో రాస్తున్నాను. వంకరగా ఉంటే ఊరుకో. ఆ పేజీ దగ్గర ఇతను ఏడ్చాడు. నేను దగ్గు మందు సర్దుకున్నాను. - హిల్మా


న్యూయార్క్
21 ఏప్రిల్ 1987

పెద్దమ్మకు,

మంచి కబురు సగం, చెడ్డ కబురు సగం. మంచిది ముందు.

ఎమ్మెట్ గారు గుర్తు పెట్టిన ప్రతి చోటా మార్చాం. బుడగలు మార్చాం, తమ్ముణ్ణి రెండో పేజీలోకి తెచ్చాం, మంచు దొర నోరు సగం మూయించాం. పదకొండో పేజీ ముట్టుకోలేదు. చదివేవాళ్లు గుంపులుగా వచ్చిపడ్డారని చెప్పను, రాలేదు. కానీ తగ్గడం ఆగింది. నాలుగేళ్లలో మొదటిసారి ఆగింది. ఒకసారి కొన్నవాళ్లు రెండోసారి కూడా కొన్నారట. ప్లంకెట్ గారు ఆ కాగితం చూసి, "ఇంకో ఏడాది చూద్దాం. మీ మనిషిని ఉంచుకో" అన్నారు. ప్రతి నెలా ప్రూఫులు పంపుతాను. ఈసారి ఆయనకి జీతం కూడా ఇప్పించాను, కాదంటే ఒప్పుకోనని చెప్పు.

చెడ్డది. వేసవి నుంచి మందుల షాపులకి, కిరాణా కొట్లకి పుస్తకాలు పంపడం మానేస్తారు. పెద్ద ఊళ్లలో కామిక్స్ ఒక్కటే అమ్మే దుకాణాలున్నాయి కదా, వాటికీ, పోస్టులో తెప్పించుకునేవాళ్లకీ మాత్రమే. నేను రెండు వారాలు పోట్లాడాను. దుకాణానికి వెళ్లేవాడు అప్పటికే చదివేవాడు. ఏమీ తెలీనివాడు మందు కోసం వచ్చి స్టాండు తిప్పి చూసేవాడు, వాణ్ణి ఎక్కడ కలుస్తామని అడిగాను. పైవాళ్లు లెక్కలు చూపించారు. ఓడిపోయాను.

జూలై నుంచి నీ స్టాండు ఖాళీ. ఈ మాట నీకు నేనే రాయాల్సి వస్తుందనుకోలేదు. ఏం చెయ్యమంటావు?

నీ
మార్లా


ఆష్టబ్యూలా
8 మే 1987

మార్లా,

చెయ్యి బాగుంది. అక్షరాలు చూస్తే నీకే తెలుస్తుంది.

స్టాండు గురించి ఒక రోజు బాధపడ్డాను, అబద్ధమెందుకు. తర్వాత దాన్ని తుడిచి వెనక గదిలోకి జరిపించాను. ఎమ్మెట్ ఒక్కడే మోశాడు, సాయం చేస్తానంటే నన్ను తిట్టాడు. నువ్వు చెయ్యాల్సింది ఇది. ప్రతి నెలా పోస్టులో ఆరు కాపీలు పంపు. ఒకే సంచిక, ఆరు. అందరూ ఒకే పేజీలో ఉండాలి.

ఎవరికని అడుగుతావు. గురువారాలు ఇప్పుడు నలుగురు వస్తున్నారు. నేను పిలవలేదు. ఎమ్మెట్ రేవులో తనతో పనిచేసిన ఒకతన్ని తెచ్చాడు, అతను ఇంకొకతన్ని. పేర్లు రాయను. ఒక్కావిడ మాత్రం తన పేరు నీకు రాయొచ్చంది. మిసెస్ హోర్వాత్, హంగరీ నుంచి వచ్చి ముప్ఫై ఏళ్లయింది, మన ఇంగ్లీషు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. అరవై నాలుగేళ్లు. ఎవరూ తొమ్మిదని పొరపడకూడదని మరీ మరీ చెప్పమంది.

నేర్పేది నేను కాదిప్పుడు. కాఫీ, రొట్టె నా వంతు. నేర్పేది ఎమ్మెట్. జీతం సంగతి చెప్తే, "చదివినందుకా?" అని ఇంకా నమ్మలేదు.

మొన్న గురువారం మిసెస్ హోర్వాత్‌కి మొదటి రోజు. మార్చి సంచిక తీశారు. మొదటి పేజీ మీద నీ నాలుగు వరుసలు ఎలాగో లాక్కొచ్చింది. రెండో పేజీలో ఒక మాట దగ్గర ఆగిపోయింది. అందరూ ఎదురు చూస్తున్నారు. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. "నా వల్ల కాదు. మీకు అడ్డం ఎందుకు, మీరు ముందుకి పోండి" అని పుస్తకం మూసేయబోయింది.

ఎమ్మెట్ బతిమాలలేదు. ధైర్యం చెప్పలేదు. తన పుస్తకాన్ని వెనక్కి తిప్పి మొదటి పేజీకి వచ్చాడు. అది చూసి మిగతా ఇద్దరూ వెనక్కి తిప్పారు.

"మళ్లీ మొదట్నించి చదువుదామండీ, నాక్కూడా సరిగ్గా అర్థం కాలేదు" అన్నాడు.

పచ్చి అబద్ధం. ఆ సంచిక అతనికి ప్రూఫుల నాడే కంఠతా వచ్చు. ఆవిడ కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుంది. తర్వాత పుస్తకం తెరిచి, వేలు పెట్టి, మొదటి వరుస చదవడం మొదలుపెట్టింది.

హిల్మా